నలుగురిలో గొంతు పెగలని వాళ్ళు పని ఎలా వెతుక్కోవాలి

భీమవరంలో ఒక మొబైల్ షాపులో నా మొదటి ఉద్యోగం పదకొండు రోజులు సాగింది. పన్నెండో రోజు పొద్దున్న మామూలుగానే బస్సెక్కాను, దిగాను, షాపు బోర్డు కనపడేదాకా నడిచాను, అక్కడ ఒక కొబ్బరిబొండాల బండి చాటున పావుగంట నిలబడి, మళ్ళీ వెనక్కి వచ్చి ఊరి బస్సెక్కేశాను. ఫోన్ స్విచ్చాఫ్ చేశాను. ఆ పదకొండు రోజుల జీతం ఇప్పటిదాకా అడగలేదు, ఆ వీధిలోకి రెండేళ్ళు వెళ్ళలేదు. ఇంట్లో "వీడికి ఒళ్ళు వంగదు" అన్నారు. ఒళ్ళు వంగకపోవడం కాదని నాకు తెలుసు, మరి ఏంటో చెప్పమంటే మాత్రం నాకూ తెలియదు.

మీకూ ఇలాంటి పదకొండు రోజుల కథ ఒకటి ఉండే ఉంటుంది, లేదా మొదటి రోజు దాకా కూడా వెళ్ళని కథ ఉంటుంది. ఎలాంటి పని చూసుకోవాలో, ఎలా అడగాలో, దొరికాక ఎలా నిలబెట్టుకోవాలో నాకు తెలిసినంత చెబుతాను. నేను డాక్టర్ని కాదు. ఆరేళ్ళుగా ఒకే చోట పనిచేస్తున్నవాణ్ణి, ఇప్పటికీ తెలియని నంబరు నుంచి ఫోనొస్తే గుండె దడదడలాడేవాణ్ణి, అంతే.

బిడియమా, అంతకన్నా ఎక్కువా

మన గోదావరి జిల్లాల్లో మాట్లాడకపోవడం ఒక లోపం కింద లెక్క. టీ కొట్టు దగ్గర రెండు నిమిషాలు నిలబడితే పక్కాయన ఏ ఊరండీ అని మొదలుపెట్టి వరసలు కలిపేస్తాడు. ఇంటికొచ్చిన మనిషిని మాటలతో ముంచకపోతే మర్యాద తప్పినట్టు. ఇక వెటకారం సంగతి చెప్పక్కర్లేదు, అది మనవాళ్ళకి ప్రేమ చూపించే పద్ధతి, కానీ తిరిగి ఒక్క మాట అనలేనివాడికి ఆ ప్రేమ ముల్లుకర్రలా తగులుతుంది. అందుకే మన దగ్గర ఇలాంటివాళ్ళకి ముంగి, మొహమాటస్తుడు, గర్విష్టి అని రకరకాల పేర్లు పెడతారు గానీ సోషల్ యాంగ్జయిటీ అన్న మాట పలకరు.

తేడా ఇలా చూసుకోండి. బిడియం ఉన్నవాడు మొదటి పది నిమిషాలు ఇబ్బంది పడి తర్వాత కలిసిపోతాడు. సోషల్ యాంగ్జయిటీ ఉన్నవాడికి పెళ్ళి పదిహేను రోజులుందనగానే టెన్షన్ మొదలవుతుంది, పెళ్ళిలో చెమటలు పడతాయి, గొంతు తడారిపోతుంది, అయిపోయాక వారం రోజులు "ఆ మాట అలా ఎందుకన్నాను" అని నిద్ర పట్టదు. నలుగురూ నన్నే చూస్తున్నారు, నా తప్పు పట్టుకుంటారు అన్న భయం ఆరు నెలలకి పైగా ఉండి, దానివల్ల చదువో పనో మానేసే దాకా వస్తే అది జబ్బు కిందే లెక్క. చాలామందికి పది, ఇంటరు వయసులోనే మొదలవుతుంది. ఇది ఇప్పటి ఫోన్ల వల్ల వచ్చిన కొత్త రోగం కాదు, వైద్యులు దీన్ని సోషల్ ఫోబియా అని 1980 నాటికే జబ్బుల జాబితాలో రాసుకున్నారు.

వైద్యం ఉంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాటల వైద్యం, అవసరమైతే రోజూ వేసుకునే మందులు. ఆ మందులు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులు వేసుకుని ఏమీ లేదని మానెయ్యకండి. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబర్ 10 నుంచి టెలీమానస్ అని కేంద్ర ప్రభుత్వం వాళ్ళ ఉచిత ఫోన్ లైను 14416 నడుస్తోంది, ఇరవై నాలుగు గంటలూ, తెలుగులోనూ మాట్లాడతారు. ఫోనంటేనే భయపడేవాడికి ఫోన్ నంబరు ఇవ్వడం వెటకారంలాగే ఉంటుందని నాకూ తెలుసు. నేను మూడుసార్లు కలిపి కట్ చేసి నాలుగోసారి మాట్లాడాను. అవతలివాళ్ళకి అది అలవాటే, ఏమీ అనుకోరు.

రెండు దగ్గరిదారులు మాత్రం వద్దు. ఒకటి, ఇంటర్వ్యూకి ముందు వేసుకుంటే వణుకు తగ్గుతుందని ప్రొప్రనొలాల్ మాత్ర పేరు ఎవరో చెబుతారు. దాన్ని మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కోకండి, ఆస్తమా ఉన్నవాళ్ళకి అది ప్రమాదం, డాక్టరు చూసి ఇవ్వాల్సిందే. రెండోది, "క్వార్టర్ వేస్తే మాటలు అవే వస్తాయిరా" అనే స్నేహితుడి సలహా. వస్తాయి, నిజమే. ఆర్నెల్లు పోయాక క్వార్టర్ లేకుండా గుడ్ మార్నింగ్ కూడా రాదు.

ముందు ఒక వారం నోట్‌బుక్కు పని

అందరూ చేసే తప్పు నేనూ చేశాను. నాకు మనుషులంటే భయం, కాబట్టి మనుషులు లేని పని కావాలి అనుకున్నాను. అలాంటి పని లేదు. ఆరుబయట రొయ్యల చెరువు గట్టు మీద కాపలా గుడిసెలో ఉండేవాడికి కూడా మేత లారీ డ్రైవరుతో, రైతుతో, కరెంటు పోతే లైన్‌మన్‌తో మాట్లాడాల్సిందే. చూసుకోవాల్సింది ఏ రకం మనిషి దగ్గర, ఏ రకం మాట దగ్గర మీకు ఎక్కువ వణుకో అది. అందరికీ ఒకే చోట ఉండదు.

ఒక వారం జేబులో చిన్న నోట్‌బుక్కు పెట్టుకోండి. గుండె దడ వచ్చిన ప్రతిసారీ ఒక లైను: ఎక్కడ, ఎవరితో, ఎంతసేపు, చుట్టూ ఎవరున్నారు, పదికి ఎంత భయం. కిరాణా కొట్లో అడగడం 4, బేరం ఆడటం 8, బ్యాంకులో అందరి ముందు సంతకం పెట్టడం 7, కొత్తవాళ్ళకి దారి చెప్పడం 2, మా వీధి చివర పెదనాన్న ఎదురైతే 9. ఇలా.

ఏడు రోజుల తర్వాత చదువుకుంటే మీరు అనుకున్నదానికన్నా వేరేది బయటపడుతుంది. నాకు కొత్తవాళ్ళతో పెద్ద ఇబ్బంది లేదు. మాట్లాడాల్సిన మాట ముందే తెలిసి ఉంటే అసలే లేదు. నా గుండె ఆగిపోయేది సగం తెలిసినవాళ్ళ దగ్గర, నన్ను ఎవరైనా నలుగురి ముందు నిలబెట్టి లెక్క అడిగినప్పుడు. అప్పుడు గానీ అర్థం కాలేదు, ఆ మొబైల్ షాపులో నన్ను తరిమింది కస్టమర్లు కాదు. రోజూ రాత్రి షట్టరు సగం దించి అందరినీ వరసగా నిలబెట్టి ఎవరు ఎన్ని కవర్లు, ఎన్ని టెంపర్డ్ గ్లాసులు అమ్మారో పేరు పిలిచి చదివేవారు. పొద్దున్న లేచినప్పటి నుంచి నా కడుపులో దేవేది ఆ పది నిమిషాలే. ఆ లెక్క లేని షాపులో అయితే బహుశా ఇంకా అక్కడే ఉండేవాణ్ణేమో.

సగం తెలిసినవాళ్ళ దగ్గర భయం ఎక్కువైతే సొంత ఊళ్ళో పని మంచిదన్న ఇంట్లోవాళ్ళ లెక్క తప్పు. మన ఊళ్ళో కొట్లో కూర్చుంటే వచ్చే ప్రతివాడూ ఎవరి అబ్బాయివి అంటాడు. పాతిక కిలోమీటర్ల అవతల తణుకులోనో రావులపాలెంలోనో మీరు ఎవరి అబ్బాయీ కాదు. ఆ గంట బస్సు ప్రయాణం ఖర్చు అనుకోకండి. పైగా పల్లెవెలుగు కిటికీ పక్కన కూర్చుని కాలవ చూస్తూ వెళ్ళడం నాకు ఇప్పటికీ మందులాంటిది.

ప్రతి పనికీ ముందు వైపు, వెనక వైపు

ఒకే బస్సులో డ్రైవరుకి జనం వీపు వెనక ఉంటారు, కండక్టరుకి ముఖం ముందు ఉంటారు. ఏ వ్యాపారం చూసినా ఇంతే. స్వీటు షాపులో గల్లా దగ్గర కూర్చునేవాడున్నాడు, వెనక కాజాలు వేయించేవాడున్నాడు. పెళ్ళి ఫోటోలు తీసేవాడు మండపంలో మూడొందల మందిని "అటు జరగండి, ఇటు చూడండి" అనాలి. ఆల్బమ్ డిజైన్ చేసేవాడు, వీడియో ఎడిట్ చేసేవాడు స్టూడియో వెనక గదిలో సిస్టమ్ ముందు కూర్చుంటాడు, పెళ్ళికూతురి మేనత్తల ముఖాలన్నీ తెలుస్తాయి గానీ ఒక్కరితోనూ మాట్లాడక్కర్లేదు. ముహూర్తాల సీజన్లో పాలకొల్లు, అమలాపురం, రాజమండ్రి ఏ ఊరి స్టూడియోకైనా ఈ పనివాళ్ళు కావాలి. ఫోటోషాప్ వచ్చి, చెప్పిన తేదీకి ఇచ్చేవాడైతే చాలు.

అయితే వెనక వైపు అంటే ప్రశాంతం అనుకోకండి. వంటశాలలోనే వెటకారం ఎక్కువ. కొందరికి ముందు వైపే నయం, ఎందుకంటే అక్కడ మాట కొలిచి ఉంటుంది. పెట్రోలు బంకులో రోజుకి మూడొందల మంది వస్తారు, కానీ ప్రతివాడితోనూ "ఎంతండీ, జీరో చూసుకోండి" అన్నంతే. నోటికి వచ్చేసిన మాట, ఆలోచించక్కర్లేదు, మనిషి అరనిమిషంలో వెళ్ళిపోతాడు. మా స్నేహితుడొకడు ఇంట్లో చుట్టాలొస్తే మేడెక్కి కూర్చునేవాడు, బంకులో మాత్రం నాలుగేళ్ళుగా హాయిగా చేస్తున్నాడు.

కాబట్టి పని గురించి విన్నప్పుడు జీతం అడిగే ముందే మూడు సంగతులు కనుక్కోండి. మాట ముందే తెలిసిన మాటా, అప్పటికప్పుడు పుట్టించాలా. చేస్తుంటే పక్కన నిలబడి చూసేవాళ్ళుంటారా. తప్పు జరిగితే ఎలా చెబుతారు, పిలిచి చెబుతారా, అందరి ముందు అరుస్తారా. మూడోది అక్కడ చేసి మానేసినవాళ్ళని అడిగితే నిజం తెలుస్తుంది.

ఇప్పుడు నేను చేసే పని. ఆక్వా ల్యాబు. మన వైపు ఊరూరా ఉన్నాయి. రైతు పొద్దున్నే చెరువు నీళ్ళు సీసాలో పట్టుకొచ్చి ఇస్తాడు, మనం పీహెచ్, ఉప్పు శాతం, ఆల్కలినిటీ, అమ్మోనియా, నైట్రైట్ చూస్తాం, ప్లేటు మీద వేసి విబ్రియో బ్యాక్టీరియా మర్నాడు లెక్కపెడతాం. ప్లేటు మీద పచ్చ చుక్కల్లా పెరిగే గ్రీన్ కాలనీలు ఎక్కువున్నాయంటే రైతు ముఖం మారిపోతుంది. బీఎస్సీ మైక్రోబయాలజీయో ఫిషరీసో చదివి ఉంటే తీసుకుంటారు. ఎక్కువ సమయం మైక్రోస్కోపుతో, పిపెట్టుతో, మనతో మనం. రిపోర్టు వివరించి ఏ మందు చల్లాలో చెప్పే పని వేరే టెక్నీషియన్‌ది. నేను చేరేటప్పుడు అదే అడిగి చేరాను. కష్టం ఎక్కడంటే, చుట్టుపక్కల చెరువులకి వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు తగిలిన వారం. అప్పుడు వచ్చే రైతు లక్షలు నీళ్ళలో పోసి వచ్చి ఉంటాడు, అరుస్తాడు, ఆ అరుపు మన మీద కాదని తెలిసినా చెయ్యి వణుకుతుంది. మొదటి ఏడాది అలాంటి రోజు ఒకసారి బాత్రూమ్‌లో పావుగంట కూర్చున్నాను. ఇప్పుడు "ఆయ్, అవునండీ, కూర్చోండి, నీళ్ళు తాగండి" అంటాను. మన గోదావరి "ఆయ్" ఉంది చూశారూ, అంత ఉపయోగపడే మాట ఇంకోటి లేదు, వింటున్నాను అన్నట్టూ ఉంటుంది, ఒప్పుకున్నట్టూ ఉంటుంది, మనం ఏమీ చెప్పినట్టూ కాదు.

లెక్కల వైపు వెళ్ళేవాళ్ళకి రైసు మిల్లుల్లో, ట్యాక్స్ కన్సల్టెంట్ల ఆఫీసుల్లో పని ఎప్పుడూ ఉంటుంది. ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ రిటర్నులు నేర్చుకుంటే చాలు. నెలనెలా వేసే వ్యాపారులకి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 మర్నెల 11 లోపు, పన్ను కట్టే జీఎస్టీఆర్-3బీ 20 లోపు వెయ్యాలి, కాబట్టి ఆ పది రోజులు ఊపిరి ఆడదు, మిగతా నెల నెమ్మది. ముందే అడగాల్సింది ఒకటే, బిల్లులు ఇవ్వని పార్టీలకి ఫోన్ చేసి అడిగే పని ఎవరిదని. అది మీ నెత్తిన పడితే లెక్కల ఉద్యోగం కాస్తా ఫోన్ల ఉద్యోగం అయిపోతుంది.

మొక్కలంటే ఇష్టమైతే కడియం, కడియపులంక నర్సరీలు. అంటు కట్టడం చేతిలో పడితే ఆ మనిషికి ఎక్కడైనా విలువే. గుంపులో పని, కానీ చేతులు కదులుతుంటే మాట్లాడాల్సిన ఒత్తిడి తక్కువ, పక్కవాళ్ళ కబుర్లు వింటూ నవ్వితే సరిపోతుంది. నరసాపురం లేసు అల్లికకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చని ఆడపిల్లలకి అదే చూపిస్తారు, కానీ నా మాట కఠినంగా ఉన్నా వినండి, గంటలకి గంటలు అల్లితే చేతికొచ్చేది చాలా తక్కువ, మధ్యవాళ్ళకే మిగులుతుంది. కళగా చేసుకోండి, దాని మీద బతుకు పెట్టుకోకండి.

మెడికల్ కోడింగ్ సైన్సు డిగ్రీ వాళ్ళకి నిజంగానే నప్పుతుంది, అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి జబ్బుకీ చికిత్సకీ కోడ్ వెయ్యడం, రోజంతా కాగితంతోనే. అనుభవం వచ్చాక ఇంటి నుంచి చేసేవాళ్ళూ ఉన్నారు. మొదట మాత్రం హైదరాబాదో విశాఖో వెళ్ళాల్సి రావచ్చు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని వేలకి వేలు ముందే అడిగే ట్రైనింగ్ సెంటర్ కనిపిస్తే, అక్కడ చదివి ఉద్యోగం వచ్చిన ఇద్దరిని చూపించమనండి.

సర్కారు ఉద్యోగం గురించి. 2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సీ, గ్రూప్ డీ, నాన్ గెజిటెడ్ గ్రూప్ బీ పోస్టులకి ఇంటర్వ్యూలు తీసేశారు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పరీక్షలు, రైల్వేలో నాన్ టెక్నికల్ పోస్టుల ఎన్టీపీసీ, ఇవన్నీ పరీక్ష రాసి ఎక్కేవే. బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ పరీక్షల్లో క్లర్కుకీ ఇంటర్వ్యూ లేదు, ప్రొబేషనరీ ఆఫీసరుకి (పీవో) ఉంది. పోస్టాఫీసు గ్రామీణ డాక్ సేవక్ (జీడీఎస్) పోస్టులకైతే పరీక్ష కూడా లేదు, పదో తరగతి మార్కులే. ఇంటర్వ్యూ అంటే చచ్చేవాళ్ళకి ఇది పెద్ద వరం, కాదనను. కానీ చాలామంది గుమ్మం మాత్రమే చూసి లోపల ఏముందో చూడరు. ఇంటర్వ్యూ లేకుండా బ్యాంకు క్లర్కు అయిన మనిషి మర్నాటి నుంచి కౌంటర్లో కూర్చోవాలి, పింఛన్ల రోజుల్లో ఆ క్యూ మీకు తెలుసు. జీడీఎస్‌లో వచ్చే బ్రాంచి పోస్టుమాస్టరు అంటే ఊళ్ళో ప్రతి గడపకీ తెలిసిన మనిషి. పరీక్షల కోసం మూడేళ్ళు గదిలో తలుపేసుకుని చదవడం కూడా భయానికి మేత పెట్టడమే, నేను రెండేళ్ళు పెట్టాను. చదవండి, పక్కన ఒక పూట పనేదైనా పెట్టుకుని చదవండి.

ఒంటరి చెరువు కాపలా గురించి పైన అన్నాను. జీతం వస్తుంది, ఎవరూ ఏమీ అనరు, రాత్రి నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల చప్పుడు, రొయ్యలు మేత తిన్నాయో లేదో చెక్ ట్రేలో చూసుకోవడం, నక్షత్రాలు. నాకు తెలిసినవాడొకడు అలా మూడేళ్ళున్నాడు, బయటికొచ్చేసరికి కిళ్ళీ కొట్లో సబ్బు అడగడానికి కూడా తమ్ముణ్ణి పంపేవాడు. తప్పించుకున్న కొద్దీ ఈ భయం తప్పించుకోవాల్సిన చోట్లు పెంచుకుంటూ పోతుంది. మీ నోట్‌బుక్కులో 3, 4 పడిన మాటలు రోజూ ఉండే పని చూసుకోండి. 8, 9 ఉండే పని వద్దు, సున్నా ఉండే పనీ వద్దు.

మనలాంటివాళ్ళ కోసమే వేసిన వల

ఇంట్లో కూర్చుని టైపింగ్, డేటా ఎంట్రీ, వారానికి ఇంత అని వాట్సాప్‌లో వస్తాయి. రిజిస్ట్రేషన్‌కి కొంత కట్టమంటారు, లేదా ఏమీ కట్టొద్దని ఆన్‌లైన్లో అగ్రిమెంటు మీద సంతకం చేయించుకుంటారు. మీరు రాత్రింబవళ్ళు కొట్టి పంపాక తప్పులు ఎక్కువున్నాయి, ఒప్పందం తప్పారు, జరిమానా కట్టకపోతే కోర్టు నోటీసు అని లాయరు గొంతుతో ఫోన్ చేస్తారు. మామూలు మనిషైతే నాలుగు తిట్టి పెట్టేస్తాడు. మనం ఆ ఫోన్ ఇంకోసారి రాకుండా ఉంటే చాలని డబ్బు కట్టేస్తాం. మా చెల్లి స్నేహితురాలు అలాగే కట్టింది, ఇంట్లో తెలియకుండా గాజు తాకట్టు పెట్టి. టెలిగ్రామ్‌లో వీడియోలకి లైకు కొడితే డబ్బులు అన్నది కూడా ఇలాంటిదే, మొదట నూటయాభై వేసి నమ్మకం కుదిరాక వేలు గుంజుతారు. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. ఇరుక్కుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, డబ్బు పోయిన వెంటనే చేస్తే ఆపే అవకాశం ఎక్కువ. మీరు మాట్లాడలేకపోతే ఇంట్లో ఒకరికి చెప్పి చేయించండి. సిగ్గు తర్వాత పడొచ్చు.

అడగడం ఎలా

మన వైపు చిన్న ఉద్యోగాలు ప్రకటనల్లో దొరికేవి తక్కువ, తెలిసినవాళ్ళ నోటి మీద దొరుకుతాయి. ఇది మనకి లాభం, నష్టం రెండూ. మావయ్యో బాబాయో ఒక మాట వేస్తే ఇంటర్వ్యూ అనే తంతే ఉండదు. కానీ ఆయన పక్కన కూర్చుని మన గురించి అంతా ఆయనే చెప్పేస్తే, యజమాని దృష్టిలో మనం మాట రాని పిల్లాడిగా మిగిలిపోతాం. అందుకని ఆయన్ని ఇలా అడగండి: "మావయ్యా, నేను వస్తానని ఫోన్లో ఒక మాట చెప్పు చాలు, వెళ్ళి నేనే మాట్లాడుకుంటాను." భయంగానే ఉంటుంది. అయినా ఒక్కరే వెళ్ళండి.

ఫోన్ చెయ్యక తప్పనప్పుడు మూడు లైన్లు కాగితం మీద రాసుకుని చూసి చదవండి, ఎవరికీ కనపడదు. "నమస్కారమండీ, నా పేరు ఫలానా. అకౌంట్స్ పనికి మనిషి కావాలని విన్నానండి. ఎప్పుడు రమ్మంటారండీ?" అంతే, నాలుగో లైను వద్దు. మధ్యాహ్నం రెండున్నర, మూడు మధ్య చెయ్యండి, భోజనాలై కొట్లన్నీ ఖాళీగా ఉంటాయి, అవతలాయన కూడా నెమ్మదిగా మాట్లాడతాడు. పొద్దున్న పదింటికి చేస్తే కేకల మధ్య "ఆ ఎవరూ, గట్టిగా చెప్పు" అంటాడు, ఇక అయిపోయింది మన పని.

వెళ్ళాల్సిన రోజుకి ముందు రోజు ఒకసారి ఆ వీధిలో నుంచి ఊరికే నడిచి రండి. మెట్లెన్ని, చెప్పులు బయట విడవాలా, ఎవరు ఎక్కడ కూర్చుంటారు. చిన్న సంగతులే, కానీ మర్నాడు తెలియనివి తగ్గుతాయి.

ఇంటర్వ్యూలో మన అసలు శత్రువు అవతలి మనిషి కాదు, లోపలి కెమెరా. నా ముఖం ఎర్రబడిందా, గొంతు వణికిందా, చెమట కనపడుతోందా అని మనల్ని మనమే చూసుకుంటూ ఉంటాం, ఆయన అడిగింది సగం వినపడదు, అప్పుడు నిజంగానే తప్పు మాట్లాడతాం. ఆ కెమెరాని బయటికి తిప్పాలి. ఆయన చొక్కా రంగేంటి, గోడ మీద క్యాలెండరు ఏ రైసు మిల్లుది, ఫ్యాను చప్పుడు చేస్తోందా, ఆయన చివర్లో అన్న మాటేంటి. ఇంట్లో అమ్మతో మాట్లాడేటప్పుడే ఇది అలవాటు చేసుకోవాలి, అక్కడికెళ్ళి కొత్తగా మొదలుపెడితే రాదు. ఆయన మాట్లాడుతుండగా లోపల జవాబు తయారు చేసుకోవడం కూడా మానెయ్యండి. ఆగి, "ఒక్క నిమిషం అండీ, ఆలోచించి చెబుతాను" అంటే ఎవరూ తప్పు పట్టరు, పద్ధతిగలవాడు అనుకుంటారు కూడా.

ఇంకో మాట ఎప్పుడూ జేబులో ఉంచుకోండి: "నేను మాటకారిని కాదండీ, రెండ్రోజులు పని చేయించుకుని చూడండి." మన వైపు యజమానులకి ఈ మాట నచ్చుతుంది. నేను ల్యాబులో ఇలాగే చేరాను. రెండో రోజు సాయంత్రం ఆయన నా చేత నింపించిన రిజిస్టరు తిరగేసి, "రేపట్నుంచి వచ్చెయ్ అబ్బాయ్" అన్నాడు. నా గొంతు ఎలా ఉందో ఆయన అసలు పట్టించుకోలేదు.

జబ్బు పేరు చెప్పాలా? చిన్న కొట్లలో, ల్యాబుల్లో వద్దనే నా అభిప్రాయం. అర్థం చేసుకునేవాళ్ళు లేరని కాదు, ఆ మాట సాయంత్రానికి టీ కొట్టుకి చేరి ఏమవుతుందో మన చేతిలో ఉండదు. పేరు బదులు అవసరం చెప్పండి. "ఫోన్లో కన్నా వాట్సాప్‌లో రాసి పంపితే తప్పు లేకుండా చేస్తానండి." "తప్పుంటే పక్కకి పిలిచి చెప్పండి, వెంటనే దిద్దుకుంటాను." పనికి మేలు చేసే మాటలా ఉంటే ఎవరైనా ఒప్పుకుంటారు.

చేరిన తర్వాత

మొదటి నెల మానేస్తానని తీర్మానించుకోకండి, ఎంత ఘోరమైన రోజైనా. సాయంత్రం ఇంటికెళ్ళాక అసలు ఆ ఆలోచనే వద్దు, పొద్దున్న కాఫీ తాగాక చూద్దురు గాని. నెల తిరిగాక కూడా మీ నోట్‌బుక్కులో అంకెలు తగ్గకపోతే అప్పుడు మానెయ్యండి, కానీ చెప్పి మానెయ్యండి. నాలాగా కొబ్బరిబొండాల చాటున కాదు. నోటితో రాకపోతే మెసేజ్: "అండీ, నాకు ఈ పని సరిపడలేదు, ఈ నెల 30 వరకు వస్తాను, క్షమించండి." ఇది పంపినవాడికి ఆ వీధిలో మళ్ళీ నడిచే దారి ఉంటుంది, జీతం అడిగే నోరూ ఉంటుంది.

నెల దాటాక రోజుకో చిన్న మాట కావాలని ఎక్కువ మాట్లాడండి. నేను మొదట రిపోర్టులు బల్ల మీద పెట్టి వచ్చేసేవాణ్ణి. తర్వాత రైతు చేతికి ఇచ్చి "ఇదిగోండి" అనడం మొదలుపెట్టాను. ఇంకో రెండు నెలలకి "ఎన్ని ఎకరాలండీ?" అడిగాను. ఏడాదికి ఫోన్ ఎత్తాను, వారంలో ఒక్క రోజు, శుక్రవారం. భయం పోయాక చెయ్యడం కాదు ఇది, 5 ఉండగానే చేస్తుంటే కొన్నాళ్ళకి దానంతట అదే 3 అవుతుంది. ఒక్కోసారి మళ్ళీ 7 అవుతుంది. సంక్రాంతి సెలవుల తర్వాత నాకు ఏటా అలాగే అవుతుంది.

సంక్రాంతి అంటే గుర్తొచ్చింది. పని వెతుక్కుంటున్న రోజుల్లో చుట్టాలు "ఏం చేస్తున్నావురా" అంటారని పండగకి గదిలో దాక్కోవద్దు, ఒక వాక్యం వండి పెట్టుకోండి. "అకౌంట్స్ వైపు చూస్తున్నాను బాబాయ్, మీకు తెలిసినచోట ఉంటే చెప్పండి." ఈ రెండో ముక్క ముఖ్యం, అది అనగానే ప్రశ్న ఆయన మీదకి వెళ్ళిపోతుంది, చాలామంది అక్కడితో అరిసెల మీదకి మళ్ళిపోతారు. ఒకళ్ళిద్దరు నిజంగానే చెబుతారు.

ఇక అన్నిటికన్నా కష్టమైనది, ఎవరూ చెప్పనిది, మధ్యాహ్నం భోజనం. పనిలో మాట పని గురించి ఉంటుంది, భోజనం దగ్గర మాట దేని గురించైనా ఉంటుంది, పైగా నలుగురి ముందు తినడమంటేనే మనలో కొందరికి చెయ్యి వణుకుతుంది. నేను మొదటి నెల "ఆకలి లేదండీ" అని మెట్ల మీద ఫోన్ చూస్తూ కూర్చునేవాణ్ణి, వాళ్ళు నాకు గర్వం అనుకున్నారట, చాలా రోజులకి తెలిసింది. కలిసి కూర్చోండి. చివర కూర్చోండి, గోడ వైపు. ముద్ద కలుపుకోవడం తేలికగా ఉండేది తెచ్చుకోండి, పులుసులూ చారులూ కొన్నాళ్ళు ఆపి పులిహోరో పప్పన్నమో. మాట్లాడక్కర్లేదు, వినండి చాలు. క్యారేజీ పై గిన్నెలో ఆవకాయ మాత్రం మీకు కావలసినదానికన్నా కొంచెం ఎక్కువ పెట్టుకెళ్ళండి. మన వైపు పక్కవాడి గిన్నెలో ఆవకాయ కనపడితే ఎవరో ఒకరు చెయ్యి చాపకుండా ఉండరు.